దొరసాని బొచ్చు, మా నాయన పంతం

మా కోడలు సబీనాతో నేను మాట్లాడడం మానేసి నిన్నటికి రెండు రోజులు. కారణం పిల్లి. అరవై దాటినదాన్ని, ముప్ఫై ఏళ్ళు బడిలో పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి ఇంటికొచ్చినదాన్ని, కుప్పంలో కొడుకు దగ్గర పది రోజులు ఉండిపోదామని మదనపల్లె నుంచి వచ్చి, ఒక పిల్లి బొచ్చు దగ్గర మూతి ముడుచుకుని కూర్చున్నానంటే నాకే నవ్వొచ్చింది. కానీ ఆ నవ్వు బయట పడనివ్వలేదు. అలిగిన మనిషి నవ్విందంటే ఇంట్లో ఇంకెవరూ ఆ అలకను లెక్కపెట్టరు.

సబీనా పెంచుకుంటున్నది పర్షియన్ పిల్లి. పేరు జున్ను. ఇంటికి ఎవరొచ్చినా లేవదు, తల మాత్రం కొంచెం ఎత్తి చూస్తుంది. నేను వచ్చిన రోజే గమనించాను, దాని చెవుల వెనకా ముందు కాళ్ళ సందుల్లోనూ బొచ్చు ఉండలు కట్టి ఉంది. "డాక్టర్ దగ్గరికి తీసకపోయి మిషన్ తో తీపిచ్చుకోనొస్తా అత్తమ్మా" అంది సబీనా. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "మాది దూది ఏకిన ఇల్లు. చిక్కు విప్పేది మాకు ఇంగొకరు సెప్పాల్నా? మిషనూ వద్దు, కత్తెరా వద్దు, దాన్ని నాకు వదిలెయ్" అన్నాను. రెండు పూటలు దాన్ని ఒళ్ళో వేసుకుని దువ్వెనతో కుస్తీ పట్టాను. రెండున్నర ఉండలు విడిపోయాయి. మూడో పూట భోజనం చేసి ఒక కునుకు తీసేసరికి పిల్లీ లేదు, కోడలూ లేదు. సాయంత్రం బుట్టలోంచి దిగింది చూడండి జున్ను, మొహం చుట్టూ ఇంత బొచ్చు, తోక కొసన ఒక కుచ్చు, మధ్యలో అంతా గొరిగేసిన ఒళ్ళు. గ్రానైట్ యార్డు నుంచి వచ్చిన మా వాడు గుమ్మంలోనే ఆగి "ఇదెవురి పిల్లి?" అని అడిగాడు. నేను ఒక్క మాట అనకుండా గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాను.

మర్నాడు సబీనా దానికి మందు రాస్తుంటే తలుపు సందులోంచి చూశాను. గొరిగిన చోట చర్మం ఎర్రగా కంది, అక్కడక్కడా పొక్కులు ఎండి పెచ్చులు కట్టి ఉన్నాయి. నేను అంతసేపు ఒళ్ళో పెట్టుకుని దువ్వినా ఆ ఉండల కింద ఏముందో నాకు తెలియలేదు. అప్పుడు గుర్తొచ్చాడు మా నాయన. నాయన వెనకే పుంగనూరు ఇల్లు, జేజి, అమ్మ, దొరసాని అందరూ వచ్చారు.

మా నాయన పేరు ఖాసీమప్ప. దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టడం మా ఇంటి పని. నేను కళ్ళు తెరిచేలోపే ముందు గదిలో విల్లు మోగుతుండేది. ఆ విల్లు మనిషంత పొడవు ఉంటుంది, దానికి గట్టి నరం తీగ కట్టి ఉంటుంది. తీగను దూదిలోకి దించి కొయ్య గుండుతో కొడుతుంటే గడ్డలు విడిపోయి దూది పొంగుతుంది. పొంగిన దూది చెప్పినచోట ఉండదు. మా ఇంట్లో అది దూలాల మీదా, జేజి కనుబొమల మీదా, మజ్జిగ చట్టిలోనూ, సంగటి ముద్దలోనూ ఉండేది. బడిలో వెనక బెంచీ పిల్లలు పాఠం వింటూ నా జడలోంచి దూది ఏరేవాళ్ళు. "మీ ఇంట్లో అందురూ పుట్టుకతోనే తల నెరిసినోళ్ళమ్మా" అని పక్కింటామె అంటుండేది. జేజి అంటే నాయన తల్లి. ఆమెకు ఒక విద్య ఉండేది. ఎవరైనా పాత పరుపు తెచ్చి మా అరుగు మీద పడేస్తే, దాని కుట్టు విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ ఇంట్లో పసిబిడ్డ ఉందో, పొగాకు నమిలే ముసలాయన ఉన్నాడో, కొత్తగా పెళ్ళైనవాళ్ళు ఉన్నారో చెప్పేసేది. అందుకే కొందరు పరుపులు తెచ్చి, జేజి లేచి వచ్చేలోపే నాయన చేతికిచ్చి జారుకునేవాళ్ళు.

నాయనకు రెండు నియమాలు ఉండేవి. దూదికి తడి తగలకూడదు, దూదికి కత్తెర తగలకూడదు. తడిస్తే గడ్డ కడుతుంది, కత్తిరిస్తే పోగు పొట్టిదైపోయి పరుపు ఏడాదిలో అణిగిపోతుంది. ఇంట్లో కత్తెర ఉండేది గుడ్డ కోసమే. దూది దగ్గరికి దాన్ని తీసుకెళ్తే నాయన మొహం మాడిపోయేది. ఎంత మొండి గడ్డయినా వేళ్ళతో చివరల నుంచి కొంచెం కొంచెం సడలించుకుంటూ లోపలికి పోవాలి. అలా విప్పుతూ "ఇట్ల సూడు, ఏడిపించకుండా ఇడిపించల్ల" అని నాకు చూపించేవాడు. దూదితో అంత ఓపిక ఉన్న మనిషి మనుషులతో మాత్రం అగ్గిరాముడు. ఆయన నోట తప్పు తనదన్న మాట అమ్మ గానీ, జేజి గానీ, నేను గానీ విని ఎరగం.

ఎండాకాలం మొదలవుతుందనగా నాయన హార్స్లీ హిల్స్ కు పోయి అక్కడి అతిథి గృహాల పరుపులు తిరగ ఏకి వచ్చేవాడు. ఒకసారి పని ఎక్కువై, దూదిని మూటలు కట్టి బస్సు మీద వేయించుకుని మదనపల్లె మీదుగా పుంగనూరుకు తెచ్చాడు. ముందు గదిలో మూట విప్పి దూది కుప్ప పోసి, అందులో ఒక పెద్ద గడ్డ కనిపిస్తే ఎప్పటిలాగే కొస పట్టుకుని సడలించబోయాడు. గడ్డ మ్యావుమంది. నాయన చేతిలో కొయ్య గుండు జారి కాలి మీద పడింది. అది తెల్లటి పిల్లికూన, ఒంటి మీద జానెడు బొచ్చు. మా వీధిలో అంతవరకు అంత బొచ్చున్న పిల్లిని ఎవరూ చూడలేదు. అది మా మజ్జిగన్నం వాసన చూసి, మొహం తిప్పుకుని, ఏకిన దూది మీదికెక్కి పడుకుంది. ఆ తీరు చూసి జేజి దానికి దొరసాని అని పేరు పెట్టింది.

దొరసానికి మా ఇంట్లో మనుషులకన్నా ఎక్కువ మర్యాద జరిగింది. పగలంతా దూది కుప్ప మీద నిద్ర. జేజి పొద్దున తలకు కొబ్బరి నూనె రాసుకుని, మిగిలిన నూనె చేతిని గుడ్డకు తుడుచుకోవడం మానేసి దొరసాని వీపు మీద తుడవడం మొదలుపెట్టింది. "బొచ్చు నిగనిగలాడతాండాది సూడు" అని మురిసిపోయేది. నేను బడి నుంచి రాగానే దాన్ని ఎత్తుకుని మెడ దగ్గర మొహం పెట్టుకునేదాన్ని. చలికాలం వచ్చేసరికి దాని చంకల్లోనూ పొట్ట కిందా తొడల వెనకా బొచ్చు జడలు కట్టింది. ముందు అది చూసింది అమ్మ. "ఏమప్పా, ఈ ఉండలు రవ్వంత కత్తిరిస్తే పోతాది గదా" అని మామూలుగా అంది. నాయన విల్లు పక్కన పెట్టాడు. "దూదేకులోని ఇంట్లో పిల్లికి కత్తెర పెట్టినారంటే రేపు నా చేతికి పరుపు ఎవురిస్తారు? వేళ్ళు లేవా నాకు?" అన్నాడు. అది బొచ్చు కాదు, మా నాయన దృష్టిలో దూదే. ఆ ఉండలు ఆయన పనితనానికి ఎవరో విసిరిన సవాలు.

అమ్మ శుభ్రం మనిషి. కత్తెర వద్దంటే సరే, తలంటు పోద్దామనుకుంది. నాయన మదనపల్లెకు దూది కొనడానికి పోయిన రోజున కుంకుడు రసం తీసి, నేను కాళ్ళు పట్టుకుంటే దొరసానికి స్నానం చేయించింది. మా ఇద్దరి చేతులూ రక్తాలు కారాయి గానీ పిల్లి మాత్రం మల్లెపువ్వులా ఆరింది. ఆరాక తెలిసింది. అంతకుముందు మెత్తగా ఉన్న ఉండలు బిగుసుకుపోయి, ఒంటికి అంటుకుని చెప్పు అట్టల్లా తయారయ్యాయి. సాయంత్రం నాయన వచ్చి దాన్ని తడిమి చూసి ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. "తడి తగిల్తే ఏమైతాదో నీకు తెలీదా? పద్నాలుగేండ్లుగా ఈ ఇంట్లో ఏం సూస్తాండావు? నీకు యాల ఈ పనులు?" వీధిలో జనం ఆగి విన్నారు. అమ్మ కొంగుతో చేతి మీద పిల్లి గీట్లు ఒత్తుకుంటూ లోపలికి పోయింది. ఆ పూట నుంచి ఇద్దరికీ మాటలు లేవు. మధ్యలో నేను తపాలా బంట్రోతును. "మీ నాయన్ను సంగటికి రమ్మను." "మీయమ్మను ఊరిబిండి ఇంగ రవ్వంత ఎయ్యమను." ఇద్దరికీ మధ్య దూరం నాలుగు మూరలు ఉండేది, ఇద్దరి మాటా ఇద్దరికీ వినపడుతూనే ఉండేది, అయినా నేను రెండోసారి చెప్పేదాకా ఎవరూ కదిలేవాళ్ళు కారు.

నాయన రోజూ మధ్యాహ్నం పని ఆపి దొరసానిని ముందేసుకుని కూర్చునేవాడు. చివరల నుంచి మొదలుపెట్టి, సడలించుకుంటూ, నోటితో ఏదో సముదాయిస్తూ విప్పేవాడు. మొదటి రోజు అది ఒప్పుకుంది. రెండో రోజు గుర్రుమంది. తర్వాత నాయన చెయ్యి కనపడితేనే అటక ఎక్కేది. వారం తిరిగేసరికి నాయన విప్పినవి మూడు, కొత్తగా కట్టినవి నాలుగు. జేజి కానుగ నూనెలో కర్పూరం నూరి పూస్తానని గిన్నెతో తయారైంది. "ఒళ్ళు నాక్కునే జీవానికి అదంతా కడుపులోకే పోతాది గదత్తా" అని అమ్మ గిన్నె లాక్కుంది. ఆలోపు పిల్లి తిండి తగ్గించింది. గోక్కుని గోక్కుని చెవి దగ్గర బొచ్చు ఊడి బోడి మచ్చలు పడ్డాయి, పడుకున్నచోట తెల్లటి పొట్టు రాలుతోంది, దగ్గరికి పోతే కుళ్ళిన వాసన. జేజి, పరుపు వాసన చూసి సంసారాలు చెప్పే జేజి, ఆ వాసన మాత్రం తనకు తెలియడం లేదంది. తెలిసిందని నాకు తెలుసు. కొడుకు ముందు చెప్పడానికి భయం. నాకు ఏడుపొచ్చేది. దొరసాని చచ్చిపోతుందని నా మనసులో పడిపోయింది, ఆ మాట పైకంటే నిజమవుతుందని నోరు మూసుకున్నాను.

ఎనిమిదో రోజు అమ్మ నాకు జడ వేస్తూ నా మణికట్టు మీద పిల్లి నుంచి అంటుకున్న గుండ్రటి తామర మచ్చ చూసింది. జడ సగంలో వదిలేసి లేచింది. ఒక దిండు గలీబు తెచ్చి, దొరసానిని తల మాత్రం బయటికి ఉండేలా అందులో వేసి మూతి బిగించి, ఒక చేత్తో దాన్ని, ఒక చేత్తో నన్ను పట్టుకుని పశువుల ఆస్పత్రికి నడిచింది. ఆస్పత్రి ఆవరణలో పుంగనూరు పొట్టి ఆవులు వరసగా నిలబడి ఉన్నాయి. గలీబులోంచి దొరసాని వాటిని చూసి, ఇంత ఎత్తుకే ఇంత పొగరా అన్నట్టు కళ్ళు మూసుకుంది. డాక్టరు నవ్వుతూనే వచ్చాడు గానీ, పొట్ట కింద ఒక అట్ట కొస ఎత్తి చూసేసరికి నవ్వు పోయింది. "ఇంగ రెండు దినాలు పోతే పురుగులు పడతాయమ్మా. ఇదంతా ఇప్పుడే తీసెయ్యల్ల. కానీ నా దగ్గరుండేది గొర్రెల కత్తెర. పిల్లి తోలు కాగితం మాదిరి ఉంటాది, ఉండతో పాటే పైకి లేస్తాది, రవ్వ పొరపాటైతే తోలే తెగిపోతాది. చేతి నేర్పు ఉండేవాళ్ళు మీ ఇంట్లో ఎవురన్నా ఉండారా?" అని అడిగాడు. అమ్మ నిమిషం ఆలోచించింది. "నేర్పుకు తక్కువ లేదు సార్. ఒప్పుకునేదే లేదు" అంది.

అంతలో నాయనే వచ్చాడు. జేజి చెప్పి ఉంటుంది. తల నిండా దూదితో, చేతిలో కొయ్య గుండు కింద పెట్టడం కూడా మరచి, అరుస్తూనే లోపలికి వచ్చాడు. "ఈడికి రాప్పా, దీన్ని పట్టుకో" అని డాక్టరు నాయన వేలు పట్టి ఆ అట్ట కిందికి పెట్టాడు. తడి తగిలింది. నాయన వేలు వెనక్కి తీసుకుని చూసుకున్నాడు. చీము, నెత్తురు. అన్నాళ్ళూ ఆయన చివరల దగ్గరే తంటాలు పడ్డాడు, మొదలు ఎలా ఉందో చూడలేదు. దూదికి మొదలు దగ్గర చర్మం ఉండదు మరి. నాయన అరుపు ఎక్కడికి పోయిందో పోయింది. కొయ్య గుండు గోడకు ఆనించి, "కత్తెర ఇయ్యి సార్" అన్నాడు. నేను పుట్టాక గుడ్డ కోసం తప్ప ఆయన కత్తెర అడగడం అదే మొదలు.

డాక్టరు చెప్పినట్టు ముందు దువ్వెనను చర్మానికీ ఉండకూ మధ్య మెల్లగా దూర్చి, దువ్వెన పైన మాత్రమే కత్తిరించాడు. చర్మం మీదికి కత్తెర పోకుండా దువ్వెన అడ్డం. అమ్మ దొరసాని తల తన చంకలో పెట్టుకుని పట్టుకుంది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు, కానీ పిల్లి కాలు ఎప్పుడు జరపాలో అమ్మకు నాయన చెప్పాల్సిన పని పడలేదు, ఎప్పుడు ఆగాలో నాయనకు అమ్మ చెప్పాల్సిన పని పడలేదు. ఆవులవాళ్ళంతా చుట్టూ మూగి చూశారు. ఒక్క గాటు పడలేదు. డాక్టరు కింద పడిన ఉండ ఒకటి తీసి విడదీసి చూశాడు. "ఇదేందప్పా, సగం దూదే ఉండాది ఇందులో. ఈ నూనె ఎవురు రాసినారు?" అన్నాడు. నాయన దూది, జేజి నూనె, అమ్మ కుంకుడు నీళ్ళు, నా ముద్దులు, అన్నీ కలిసి పేనుకుని ఉన్నాయి ఆ ఉండలో. డాక్టరు నాకూ పిల్లికీ చెరొక మందు ఇచ్చి, పుండ్లు వేపాకు నీళ్ళతో తుడవమని, దాన్ని దూది గదిలోకి రానీయొద్దని చెప్పి పంపాడు.

ఇంటికి వచ్చాక జేజి విషయం విని, నూనె చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది. దీపాలు పెట్టే వేళ దొరసాని బోడి ఒళ్ళేసుకుని వంటింటి గడప ముందు కూర్చుంది. నాయన వచ్చి దాని ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు చేతులు నలుపుకున్నాడు. తర్వాత, "తప్పైపాయ తల్లీ. నా పంతానికి నీ ఒళ్ళంతా పుండు సేసినాను" అన్నాడు. పిల్లితో అనే మాటను అంత గట్టిగా అననక్కర్లేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. "ఎనిమిది దినాల కింద వీధంతా వినేమాదిరి తిట్టింది పిల్లినేనా?" అని అమ్మ గొంతు వినిపించింది. నాయన పిల్లి మీది నుంచి చూపు తిప్పలేదు. "ఆడికీ కలిపే సెప్తాండాను" అన్నాడు. "ఆడికంటే యాడికి?" "వంటింటికి." అమ్మ నన్ను పిలవకుండా, తనే గడప దాకా వచ్చి, "లేసి సంగటి తిను" అంది. నా బంట్రోతు ఉద్యోగం ఊడిపోయింది. నాయన తట్టలో ముద్ద ఆ పూట కొంచెం పెద్దదిగా పడింది. రెండు నెలల్లో దొరసానికి బొచ్చు తిరిగి వచ్చింది, తర్వాత చాలా ఏళ్ళు మా వంటింట్లోనే బతికింది.

ఇప్పటివాళ్ళ పని చూస్తే ముచ్చటేస్తుంది. మిషన్ పెట్టారు, పావుగంటలో ఉండలన్నీ పోయాయి, సన్నగా సీసాలో మందు, మెడకు ప్లాస్టిక్ పట్టీ, ఫోనులో మళ్ళీ ఎప్పుడు రావాలో గుర్తుచేసే కబురు. ఎనిమిది రోజుల పోట్లాట లేదు, ఆవుల మధ్య పంచాయితీ లేదు, ఎవరి పంతమూ దిగాల్సిన పని లేదు. జున్నుకు మంచిదే జరిగింది. పాత రోజులు గొప్పవని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, ఎందుకంటే ఆ పాత రోజుల్లో ఒక పిల్లిని మేం నలుగురం ప్రేమగా చంపబోయాం. నేను దిగులు పడేది ఒక్కదానికే. నాయన నుంచి నాకు వేళ్ళ నేర్పు వచ్చిందనుకున్నాను, అది రాలేదు. పంతం మాత్రం చిన్న కొస కూడా తెగకుండా వచ్చింది.

నిన్న మధ్యాహ్నం మందు రాసే వేళకు నేనే వెళ్ళి జున్నును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సబీనా ఆశ్చర్యంగా చూస్తూ మందు రాసింది. "నువ్వు సేసిందే సరిపాయె సబీనా. దాని తోలు నేను సూడనే లేదు. ఊరికే నీమీద అలిగినాను" అన్నాను. ఇంత చిన్న మాటకు నాయన ఎనిమిది రోజులు తీసుకున్నాడు, నేను రెండు రోజుల్లో అనేశానని లోపల కొంచెం గర్వంగా కూడా ఉండింది. సబీనా తల ఎత్తలేదు. "నేనూ దాని తోలు సూల్లేదత్తమ్మా. ఆడికి పోయినంక డాక్టరు సెప్తేనే తెలిసింది" అంది. "మరి యాల అంత తొందరగా తీసకపోయినావు?" అన్నాను. "మీరు రెండు ఉండలు ఇప్పి, స్నానాల రూములోకి పోయి వేడినీళ్ళలో చేతులు పెట్టుకోని నిలబడుకోనుంటే సూసినాను. వేళ్ళు ముడుసుకోను రాకుండా ఉండాయి మీకు. ఇంగా పదిదాకా ఉండలుండాయి, వద్దంటే మీరు ఇంటారా?"

లేచి వెళ్ళి అల్మారాలోంచి మందుల సంచి తెచ్చింది. అందులో జున్ను మందు పక్కన ఇంకో ట్యూబు ఉంది, కీళ్ళనొప్పులకు రాసుకునేది. డాక్టరు దగ్గర నుంచి వచ్చేటప్పుడే కొన్నదట. నేను మాట్లాడినప్పుడు ఇద్దామని రెండు రోజులుగా అక్కడే పెట్టి ఉంచింది.